గీత వంగిన చెంచా

ఆవె నది ఒడ్డున మా షెడ్డు.
బయట వాన వెలిసినా లోపల గోడలు చెమ్మగిల్లుతూనే ఉంటాయి.
పాలిషింగు చక్రం ముందు ఇరవై రెండేళ్లుగా నిలబడ్డాను.
నా పేరు జుల్మీరా.
గోళ్ల సందుల్లోని నలుపు
చర్చికి పోయేముందు నిమ్మచెక్కతో రుద్దినా పోదు.

చెంచా మంచిదో కాదో తెలియాలంటే
ట్యూబులైటు కింద పట్టి మెల్లగా తిప్పాలి.
లోహం మీద తెల్లటి గీత పాకుతుంది.
సాఫీగా జారిపోయిందా, సరే.
ఎక్కడైనా తడబడి వంగిందా,
లోపం అక్కడే.
గుంట వైపు చూస్తే ముఖం తలకిందులు,
వీపు వైపు చూస్తే నిటారు.
ఇది ఎవరూ నేర్పలేదు. చెంచాయే నేర్పింది.

అప్పట్లో తప్పులు పట్టేవాడు ఒక్కడే,
షెడ్డు చివర గాజు గదిలో అల్బెర్తీనో.
ఎర్ర డబ్బాలో ఠంగుమన్న చప్పుడు మాత్రమే
మా దాకా వచ్చేది.
ఎవరి చెంచా? ఏం తప్పు?
అతను చెప్పడు, మా చేతులు మారవు.
నెలాఖరున జీతంలో కోత మాత్రం
ఏనాడూ తడబడకుండా వచ్చేది.

ఒక సెప్టెంబరులో కొత్త ఇంజనీరు దిగింది.
ఒఫేలియా గ్వెడెస్. పొట్టి మనిషి, పెద్ద బూట్లు.
గాజు గది ఊడబీకించింది.
ప్రతి చక్రం పక్కనా ఒక గంట బిగించింది.
"గీత వంగితే కొట్టండి, లైను మొత్తం ఆగుతుంది" అంది.
ఆపడమా? మేమా?
నేనొచ్చాక ఆ లైనును ఆపినవి రెండే,
కరెంటు పోవడం,
ఫెలిస్మీనా వేలు పోవడం.

పదకొండు రోజులు ఎవరూ గంట ముట్టలేదు.
పన్నెండో రోజు నేను కొట్టాను,
ధైర్యంతో కాదు, విసుగెత్తి.
వచ్చిన ప్రతి చెంచా మెడ మీదా
అదే గీటు, వెంట్రుక వాసి.
చక్రాలు ఒక్కొక్కటే నిద్రపోయాయి.
కప్పు మీద వాన పడుతోందని
అప్పుడు తెలిసింది మాకు.

ఆమె పరుగున వచ్చింది.
నేను తల వంచుకుని తిట్లకు సిద్ధమయ్యాను.
"ఎక్కడ? చూపించు."
నా పక్కన నిలబడి, మునివేళ్ల మీద లేచి,
నా కంటి ఎత్తుకు తన కన్ను తెచ్చి
చాలాసేపు తిప్పి చూసింది.
"నాకు ఆనలేదు జుల్మీరా, నీకు ఆనింది" అంది.
పోయి అచ్చు మార్పించింది.

ఆ రాత్రి సూపులోకి కేల్ ఆకు సన్నగా తరుగుతూ
ఈల వేశానట.
జీతం పెంచారా? అన్నాడు మా ఆయన.
లేదన్నాను.
మరెందుకూ అన్నాడు.
మాట దొరకలేదు. ఇంకో గరిటె పోశాను.

అంతా అలాగే సాగితే ఈ సంగతి ఎత్తేదాన్నే కాదు.
పై ఆఫీసు నుంచి పటాలొచ్చాయి.
ఎవరు గంట ఎన్నిసార్లు కొట్టారో
గోడ మీద మా పేర్ల పక్కనే, ఎర్ర చుక్కల్లో.
తక్కువ చుక్కల జట్టుకు క్రిస్మస్‌కి పంది తొడ బహుమతి.
ఇంకేముంది, గంటలు మూగబోయాయి.
వంగిన గీతలన్నీ ఆప్రాన్ జేబుల్లోకి పోయాయి.
సాయంత్రం బస్సులో మేం నడుం వాల్చితే
గలగలమని మోగేవాళ్లం.
ఒఫేలియా ఆ గోడ ముందు నిలబడి
బొటనవేలి గోరు కొరుక్కోవడం చూశాను.
ఆమె పేరు పక్కనా ఏదో గోడ మీద చుక్కలుండే ఉంటాయి.

నిన్న కాగితాలు పంచారు.
"మీ పనిలో మీకు తృప్తి ఉందా?"
కింద వరసగా ఐదు గుండ్రటి ముఖాలు,
ఏడుపు నుంచి నవ్వు దాకా.
ఒకదానికి సున్నా చుట్టాలి.

జేబులోంచి చెంచా తీశాను.
నవ్వే ముఖం ముందు జానెడెత్తున పట్టాను.
గుంటలో అది ఏడ్చింది.
వీపు తిప్పాను, నవ్వింది.
కాగితం మీద రాశాను:
"ఏ వైపు నుంచి అడుగుతున్నారు?"
చెంచాను అందులోనే మడిచి
రేకు పెట్టెలో జారవిడిచాను.

ఠంగుమంది.
షెడ్డు షెడ్డంతా తల తిప్పి చూసింది.